సాలిటైర్ (ఒంటరి పేక)

ఒక్కరే ఆడుకునే పేకాట. జోకర్లు తీసేసిన 52 ముక్కల కట్ట చాలు. కృష్ణా డెల్టాలో పేక అంటే నలుగురు చేరి ఆడే రమ్మీయే. సాలిటైర్‌ను ఎక్కువమందికి పరిచయం చేసింది 1990లో విండోస్ 3.0తో వచ్చిన కంప్యూటర్ ఆట. అందులోది క్లాండైక్ రకం.

ముక్కలు కలిపి ఏడు వరసలు పరచాలి: మొదటి వరసలో ఒకటి, రెండో దానిలో రెండు, అలా ఏడోదానిలో ఏడు. మొత్తం 28. ప్రతి వరసలో చివరి ముక్క మాత్రమే వెల్లకిలా, తక్కినవన్నీ బోర్లా. మిగిలిన 24 చేతికట్ట. వరసల్లో ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు, విలువ ఒక్కొక్కటే తగ్గేలా పేర్చాలి: ఇస్పేటు తొమ్మిది మీదికి ఆఠీను ఎనిమిది వస్తుంది, కళావరు ఎనిమిది రాదు. పైముక్క కదిలితే కింది ముక్కను తిప్పుతారు. ఖాళీ అయిన వరసలోకి రాజుకే ప్రవేశం. కదలిక లేనప్పుడు చేతికట్టలోంచి ఒక్కొక్కటిగా, కష్టం కావాలనుకునేవారు మూడేసిగా తీస్తారు. నాలుగు గుర్తులూ ఆసు నుంచి రాజు దాకా విడివిడిగా పేరిస్తే గెలుపు. ఎంత జాగ్రత్తగా ఆడినా కొన్ని పంపకాలు తేలనే తేలవు.

గుర్తుల పేర్లకు వేరే కథ ఉంది. డచ్చి భాషలో కళావరును 'క్లావర్' (మూడాకుల మొక్క) అనీ, ఆఠీనును 'హార్టెన్' (హృదయాలు) అనీ అంటారు. డచ్చి వర్తకులు 1605లోనే మచిలీపట్నం చేరారు; ఈ పేర్లు తెలుగులోకి వారి ద్వారానే వచ్చి ఉండవచ్చు.