మానిన తరువాతే ఇల్లా? – అమెరికాలో ఆసరా నివాసాల చరిత్ర

మద్యానికో మాదకద్రవ్యానికో బానిసై ఇల్లు పోగొట్టుకున్న మనిషికి ముందు ఏమివ్వాలి? చికిత్సా, ఇల్లా? అమెరికా నగరాల్లో దాదాపు అర్ధశతాబ్దంగా నడుస్తున్న వాదం ఇది. దీన్ని చదివేటప్పుడు మీరు ఒక తేడాను మనసులో ఉంచుకోవాలి. రాత్రి తలదాచుకునే చోటు వేరు, నివాసం వేరు. నైట్ షెల్టర్‌లో తెల్లవారగానే మంచం ఖాళీ చేయాలి. నివాసంలో తాళంచెవి ఉండేవారి చేతిలోనే ఉంటుంది. అద్దె ఒప్పందమూ తాళంచెవీ ఇచ్చి, వాటితోపాటు అవసరమైనప్పుడు పలికే కార్యకర్తను, నర్సును, సలహాదారును అందుబాటులో ఉంచితే దాన్ని ఆసరా నివాసం అంటున్నాం.

1970ల చివరలో అమెరికా వీధుల్లో ఇన్ని వేలమంది ఎందుకు కనిపించారన్న ప్రశ్నకు, మానసిక ఆసుపత్రులను ఖాళీ చేయడమే కారణమని చాలామంది జవాబు చెబుతారు. అది సగం కథే. 1955లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఐదున్నర లక్షలకు పైగా రోగులు ఉండేవారు. తరువాతి పాతికేళ్ళలో ఆ సంఖ్య మూడోవంతు కంటే తక్కువకు పడిపోయింది. వారికోసం ఊరూరా చికిత్సా కేంద్రాలు కట్టడానికి 1963లో కెనడీ ప్రభుత్వం చట్టం చేసింది కానీ, అనుకున్నన్ని కేంద్రాలు కట్టలేదు. ఇక మిగిలిన సగం కథ లాడ్జీలది. స్నానాల గది, వంటగది ఉమ్మడిగా ఉండి, వారానికో నెలకో అద్దె కట్టుకునే ఒంటి గదులు న్యూయార్క్‌లో లక్షకు పైగా ఉండేవి. కూలీలు, ఒంటరి ముసలివాళ్ళు, తాగుడుకు అలవాటుపడినవాళ్ళు అందరూ వాటిలో బతికేవారు. అవి శుభ్రంగా ఉండేవని ఎవరూ అనలేరు, కానీ వాటికి తలుపు ఉండేది. 1955లో నగరం అటువంటి కొత్త గదుల నిర్మాణాన్ని నిషేధించింది. తరువాత, ఉన్నవాటిని ఖరీదైన అపార్ట్‌మెంట్లుగా మార్చేవారికి పన్ను రాయితీలిచ్చింది. 1980ల మధ్యకల్లా ఆ గదుల్లో అధికభాగం మాయమైంది. నిరాశ్రయతకు వ్యసనమే కారణమని తేల్చే ముందు మీరు ఈ విషయం గమనించాలి. తాగేవాళ్ళు అంతకు ముందూ ఉన్నారు. కాకపోతే అప్పుడు వాళ్ళకు గది దొరికేది.

ఈ పరిస్థితిలో 1979లో రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది న్యూయార్క్ నగరం మీద, రాష్ట్రం మీద దావా వేశాడు. వాది రాబర్ట్ కలహన్ ఒకప్పటి వంటమనిషి. మద్యం అలవాటుతో బవరీ వీధికి చేరినవాడు. పేదలను ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని 1938లో రాష్ట్ర రాజ్యాంగంలో చేరిన నిబంధనే హేస్ వాదనకు ఆధారం. 1981లో నగరం రాజీ ఒప్పందానికి వచ్చి, ఆశ్రయం కోరిన ప్రతి నిరాశ్రయ పురుషుడికీ మంచం ఇస్తానని ఒప్పుకుంది. కలహన్ అప్పటికే చనిపోయాడు. నగరం పాత సైనిక భవనాల హాళ్ళలో వందల మంచాలు వరుసగా వేసింది. హక్కుగా దక్కింది మంచమే కానీ గది కాదు. మన దేశంలో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు కూడా లక్ష జనాభాకు కనీసం వందమందికి షెల్టర్ అని లెక్క చెప్పాయి. అదీ మంచాల లెక్కే.

గది ఇవ్వవచ్చునని చూపినవారు మఠవాసులు. 1980లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కొందరు తూర్పు 24వ వీధిలో ఒక పాత హోటలు కొని, మానసిక వ్యాధిగ్రస్తులకు శాశ్వత నివాసంగా మార్చారు. దాని పేరు సెయింట్ ఫ్రాన్సిస్ రెసిడెన్స్. 1990లో నగరమూ రాష్ట్రమూ కలిసి 'న్యూయార్క్/న్యూయార్క్ ఒప్పందం' కింద ఇటువంటి ఇళ్ళకు డబ్బు కేటాయించాయి. శిథిలమైన టైమ్స్ స్క్వేర్ హోటల్‌ను రోసాన్ హాగర్టీ స్థాపించిన కామన్ గ్రౌండ్ సంస్థ 652 ఇళ్ళుగా మార్చింది కూడా ఆ దశకంలోనే.

ఇంతకంటే ముందే, ప్రభుత్వంతో పని లేకుండా మరో దారి మేరీలాండ్ రాష్ట్రంలో మొదలైంది. 1975లో సిల్వర్ స్ప్రింగ్ పట్టణంలో, చికిత్స ముగించుకున్నవారు కొంతకాలం ఉండే ప్రభుత్వ గృహాన్ని నిధులు లేక మూసివేయాలని నిర్ణయించారు. అందులో ఉన్నవాళ్ళు తామే ఆ ఇంటిని అద్దెకు తీసుకున్నారు. వారిలో పాల్ మొలాయ్ ఒకడు. ఇదే మొదటి ఆక్స్‌ఫర్డ్ హౌస్. జీతగాడైన వార్డెన్ లేడు. అద్దె, కరెంటు బిల్లు అందరూ పంచుకోవాలి. ఇంటి పనులు, కొత్తవారిని చేర్చుకోవడం ఓటుతో తేలాలి. మళ్ళీ తాగినవాడు ఇల్లు వదిలి వెళ్ళాలి. అయితే తాగకుండా ఉన్నంతకాలం ఎవరినీ 'గడువు అయింది, వెళ్ళు' అనరు. వెనుకటి ప్రభుత్వ గృహంలో కొన్ని నెలలకే పంపించేసేవారు, చాలామంది మళ్ళీ సీసా పట్టేది అప్పుడే. ఆ అనుభవం నుంచి పుట్టిన నియమం ఇది. 1988లో కేంద్ర చట్టం ప్రతి రాష్ట్రమూ లక్ష డాలర్ల నిధి పెట్టి, ఇటువంటి ఇంటికి 4,000 డాలర్ల వరకు అప్పు ఇవ్వాలని చెప్పింది. మొదటి నెల అద్దెకు, బయానాకు ఆ డబ్బు సరిపోయేది. రెండేళ్ళలో తీర్చాలి. ఇంత చిన్న అప్పుతో ఆ ఇళ్ళు ఇప్పుడు మూడువేలు దాటాయి.

విస్తరణకు అడ్డుపడింది డబ్బు కాదు, ఇరుగుపొరుగు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ పట్టణంలో ఒక నిబంధన ఉండేది. రక్తసంబంధమో పెళ్ళి సంబంధమో ఉన్నవారు ఒక ఇంట్లో ఎందరైనా ఉండవచ్చు, బంధుత్వం లేనివారైతే ఐదుగురికి మించరాదు. ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లో ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే తప్ప అద్దె గిట్టదు. ఇంట్లో కిక్కిరిసి ఉండకుండా చూసే నియమమే ఇదని, అటువంటి నియమాలకు గృహ వివక్ష నిషేధ చట్టం నుంచి మినహాయింపు ఉందని పట్టణం వాదించింది. 1995లో సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో ఆ వాదన తోసిపుచ్చింది. పదిమంది అన్నదమ్ములు ఉంటే తప్పులేని ఇంట్లో పదిమంది కోలుకుంటున్నవారు ఉంటే తప్పు అయితే, ఆ నియమం లెక్కపెడుతున్నది తలలను కాదు, కుటుంబాన్ని నిర్వచిస్తున్నది అని జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన తీర్పు సారాంశం. నా దృష్టిలో ఈ చరిత్రలో ఏ పథకం కంటే ఈ తీర్పు ఫలితమే లోతైనది.

మరి మళ్ళీ తాగి బయటపడినవాడు ఎక్కడికి పోవాలి? ఆక్స్‌ఫర్డ్ పద్ధతిలో దీనికి జవాబు లేదు. 1992లో మనస్తత్వవేత్త శామ్ సెంబెరిస్ న్యూయార్క్‌లో 'పాత్‌వేస్ టు హౌసింగ్' మొదలుపెట్టి ఆ మనిషి దగ్గరికే వెళ్ళాడు. మానిన తరువాత ఇల్లు అన్న వరుసను తిరగేశాడు. వీధి నుంచి నేరుగా మామూలు అపార్ట్‌మెంటుకు చేర్చేవారు. అద్దెకింద ఆదాయంలో 30 శాతం కట్టాలి, కార్యకర్తను ఇంటికి రానివ్వాలి. చికిత్స అడిగినవారికి చికిత్స. 2004లో అచ్చైన ఫలితాల ప్రకారం దాదాపు 80 శాతం మంది ఇల్లు నిలబెట్టుకున్నారు. కెనడాలో ఐదు నగరాల్లో రెండువేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగమూ ఇల్లు నిలుస్తుందనే తేల్చింది. అయితే తాగుడు విషయంలో మిగతావారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండవ వాక్యాన్ని సమర్థకులు నెమ్మదిగా పలుకుతారు, వ్యతిరేకులు దాన్నొక్కదాన్నే పలుకుతారు. పరీక్షలో రాసేటప్పుడు మీరు రెండూ రాయండి. మొన్ననే మానిన మనిషికి పక్కగదిలో సీసా చప్పుడు ప్రాణగండం. అతనికి ఆక్స్‌ఫర్డ్ హౌస్ కావాలి. ఇంకా మానలేనివాడికి ఆ ఇంట్లో చోటు ఉండదు, అతనికి సెంబెరిస్ ఇల్లు కావాలి. ఒకటి ఉంది కదా అని రెండవదాన్ని మూసేసిన ఊళ్ళో ఎవరో ఒకరు వీధిలోనే మిగులుతారు.

ఈ పద్ధతిని దేశమంతటికీ పరచినది ఫిన్‌లాండ్. 2008 నుంచి అక్కడ పాత షెల్టర్లనే అద్దె ఇళ్ళుగా కట్టారు. 1980ల చివరలో 15,000 దాటిన నిరాశ్రయుల సంఖ్య 2020ల ఆరంభానికి 4,000 లోపుకు దిగింది. అక్కడ పనిచేసింది సిద్ధాంతం ఒక్కటే కాదు. మునిసిపాలిటీలు ఇళ్ళు కట్టించాయి, 1985 నుంచి వై-ఫౌండేషన్ ఫ్లాట్లు కొంటూ వచ్చింది. అమెరికాలో ఇళ్ళ కొరత అలాగే ఉంది. న్యూయార్క్ మేయర్ 2015లో పదిహేనేళ్ళలో 15,000 ఆసరా నివాసాలని ప్రకటించాడు. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు 'ముందు ఇల్లు' విధానానికి కేంద్రం మద్దతును ఉపసంహరించమంటూ, చికిత్సను షరతుగా తిరిగి ముందుకు తెచ్చింది.