ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికీన్

ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికీన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ప్రభుత్వం నడిపిన సరుకు రవాణా నౌక. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో మంటలంటుకుని పేలిపోయింది. రేవును, దాని చుట్టుపక్కల పేటలను ధ్వంసం చేసిన ఈ దుర్ఘటన బొంబాయి డాక్ పేలుడుగా చరిత్రకెక్కింది.

నిర్మాణం

జర్మన్ జలాంతర్గాముల దాడుల్లో బ్రిటన్ వాణిజ్య నౌకలు పెద్దసంఖ్యలో మునిగిపోయాయి. ఆ లోటు పూడ్చేందుకు కెనడా నౌకా నిర్మాణ కేంద్రాలలో ఒకే నమూనాపై వరుసగా ఓడలు తయారయ్యాయి. వాటికి పాత కోటల, వర్తక స్థావరాల పేర్లు పెట్టడంతో అవి ‘ఫోర్ట్’ నౌకలయ్యాయి. బ్రిటిష్ కొలంబియాలోని ప్రిన్స్ రూపర్ట్‌లో 1942లో నిర్మించిన ఫోర్ట్ స్టికీన్ స్థూల పరిమాణం 7,142 టన్నులు.

చివరి ప్రయాణం

1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్‌లోని బిర్కెన్‌హెడ్ నుంచి బయలుదేరిన ఈ నౌక జిబ్రాల్టర్, పోర్ట్ సయీద్, కరాచీల మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు, పెట్టెల్లో బంగారు కడ్డీలు ఉన్నాయి. కరాచీలో వేలాది పత్తి బేళ్లు, నూనె పీపాలు కూడా ఎక్కించారు. శాంతికాలంలో ఇలాంటి సరుకులను ఒకే ఓడలో చేర్చేవారు కారు. యుద్ధంలో ఓడల కొరత ఆ జాగ్రత్తను పక్కన పెట్టించింది. ప్రమాదకర సరుకుకు గుర్తుగా ఎగరవలసిన ఎర్రజెండా కూడా ఓడపై లేదు.

అగ్నిప్రమాదం, పేలుళ్లు

ఏప్రిల్ 14 మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో రెండో నంబరు హోల్డ్‌లో (ఓడ అడుగున సరుకు నిల్వచేసే గదిలో) మంటలు కనిపించాయి. దట్టమైన పొగలో నిప్పు ఎక్కడుందో అంతుపట్టలేదు. 900 టన్నులకు పైగా నీరు పోసినా మంటలు ఆరలేదు. సాయంత్రం 3.50కి ఓడను విడిచిపెట్టాలని ఆదేశమిచ్చారు. 4.06కి జరిగిన తొలి పేలుడులో ఓడ రెండు ముక్కలైంది. సుమారు అరగంటకు అంతకంటే పెద్దదైన రెండో పేలుడు సంభవించింది. ఆ ప్రకంపనలు సిమ్లాలోని భూకంప లేఖినిపై కూడా నమోదయ్యాయి. మండుతున్న పత్తి, ఇనుప ముక్కలు నగరంపై వర్షించాయి.

నష్టం

పక్కనే లంగరేసిన అనేక నౌకలు మునిగాయి లేదా దెబ్బతిన్నాయి. మృతుల సంఖ్యపై అంచనాలు సుమారు 800 నుంచి 1,300 వరకు ఉన్నాయి. ఓడ కెప్టెన్ అలెగ్జాండర్ జేమ్స్ నైస్మిత్ కూడా మరణించారు. మంటలతో పోరాడుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వేలాదిమంది నిరాశ్రయులయ్యారు. శిథిలాలు తొలగించి డాక్‌లను తిరిగి వాడుకలోకి తేవడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది.

అనంతర పరిణామాలు

వార్త బయటికి పొక్కకుండా బ్రిటిష్ ప్రభుత్వం సెన్సార్ విధించింది. భారతీయ పత్రికలకు వివరాలు ప్రచురించే అనుమతి మే నెలలో గానీ దొరకలేదు. విచారణ సంఘం శత్రువుల విద్రోహం కాదని, కాల్చిపారేసిన సిగరెట్ కారణమై ఉండవచ్చని అభిప్రాయపడింది. నిప్పు ఎలా పుట్టినా, అది మహావిపత్తుగా మారడానికి మూలం పత్తినీ పేలుడు పదార్థాలనూ ఒకే హోల్డ్‌లో పేర్చి, ఆ ఓడను జనసమ్మర్దమైన నగరం అంచున నిలపడమే.

అమరులైన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం దేశవ్యాప్తంగా ఏటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవల దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అగ్నిమాపక శాఖలు కూడా ఆ రోజు నుంచి 20వ తేదీ వరకు వారోత్సవాలు నిర్వహిస్తున్నాయి.