నీటి హద్దులు – నేల హద్దులు

వాన నీరు కాగితముపై గీచిన గీతలను ఎరుగదు. మెరక నుండి పల్లమునకు పోవుటయే దాని స్వభావము. ఏయే చోట్ల కురిసిన నీరు ఒకే వాగులోనికి వచ్చి చేరునో, ఆ నేల అంతయు ఆ వాగునకు పరివాహక ప్రాంతము. ఎగువ గట్టున చెట్లు నరికినచో దిగువ చెరువు పూడును. ఎగువ వాలున పచ్చిక చెడినచో దిగువ పొలములు ఇసుకమేటలు వేయును. కనుక ఏ భూమిని ఏ పనికి వినియోగింపవలెనో దాని వాలును, మన్నును, లభించు నీటిని చూచి నిర్ణయింపవలెను. నేడు సామాన్యముగా తోచు ఈ సూత్రమును అమెరికా సంయుక్త రాష్ట్రములు గొప్ప మూల్యము చెల్లించి నేర్చుకొన్నవి.

1862లో ఆ దేశము ఒక చట్టము చేసెను. ప్రభుత్వ భూమిలో అయిదేండ్లు నివసించి సేద్యము చేసిన కుటుంబమునకు 160 ఎకరములు దక్కును. వానలు బాగుగా కురియు తూర్పు ప్రాంతములలో ఆ భూమి ఒక సంసారమునకు చాలును. కాని పడమటి 100వ రేఖాంశమునకు ఆవల వర్షపాతము సంవత్సరమునకు సుమారు 20 అంగుళములకు, అనగా 500 మిల్లీమీటర్లకు, తగ్గిపోవును. చట్టము ఈ భేదమును పాటింపలేదు. పైగా, దున్నిన కొలది వానలు పెరుగునను ప్రచారము కూడ సాగెను.

ఈ పొరపాటును ఎత్తిచూపినవాడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధములో కుడిచేతిని కోల్పోయిన ఈ శాస్త్రజ్ఞుడు 1869లో పడవలపై కొలరాడో నదీమార్గమును పరిశోధించెను. 1878లో ఆయన సమర్పించిన నివేదిక పడమటి భూములను మూడు తరగతులుగా విభజించెను: నీటిపారుదలకు తగినవి, అడవికి తగినవి, పచ్చికకు తగినవి. యూటా ప్రాంతములో మొదటి తరగతి భూమి నూటికి 3 పాళ్లయినను లేదని లెక్క తేలెను. నీటివసతి గల చోట ఒక కమతమునకు 80 ఎకరములే చాలునని, పచ్చిక నేలలో 2,560 ఎకరములు కావలెనని ఆయన సూచించెను. 1889లో మోంటానా రాజ్యాంగ సభలో ప్రసంగించుచు, జిల్లాల సరిహద్దులను పరివాహక ప్రాంతములనుబట్టి నిర్ణయింపుడని కోరెను.

ఈ మాట భూవ్యాపారులకు రుచింపలేదు. 1890లో చట్టసభ ఆయన నీటిపారుదల సర్వేకు నిధులు నిలిపివేసెను. 1893లో లాస్ ఏంజలీస్‌లో జరిగిన నీటిపారుదల మహాసభలో, ఉన్న భూమి కంతకును చాలు నీరు లేదని చెప్పినందులకు సభికులు ఆయనను ఎగతాళి చేసిరి. 1902లో ఆయన మరణించెను.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున గోధుమ ధర పెరిగెను. పచ్చిక బయళ్లను యంత్రములతో దున్నివేసిరి. మన్నును పట్టి యుంచిన వేళ్లు తెగిపోయెను. 1930 తరువాత వరుసగా కరవు వచ్చినప్పుడు బోడి నేల ధూళియై లేచెను. 1935 ఏప్రిల్ 14న వచ్చిన ధూళి తుపాను పట్టపగలే చీకటి చేసెను. లక్షల జనము ఇండ్లు వదలి వలసపోయిరి. ఆ నెల 27న భూసార పరిరక్షణ చట్టము వెలువడెను. హ్యూ బెన్నెట్ నాయకత్వమున కొత్త శాఖ ఏర్పడెను. కాలక్రమమున భూములను ఎనిమిది తరగతులుగా గుర్తించు పద్ధతి స్థిరపడెను. మొదటి నాలుగు తరగతులు సేద్యమునకు తగినవి. తక్కినవి పచ్చికకు, అడవికి, వన్యప్రాణులకు విడువదగినవి.

ఈ భావము మన దేశమునకును చేరెను. 1994లో తెలుగువారైన ఆర్థికశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన గల సంఘము, కరవు ప్రాంతముల అభివృద్ధి పథకములను పరివాహక ప్రాంతముల వారీగా నడుపవలెనని సిఫారసు చేసెను. 1995 నుండి సుమారు 500 హెక్టార్ల పరివాహక ప్రాంతము ఒక ప్రమాణముగా ఆ పనులు సాగినవి.

పావెల్ కొత్త నీటిని కనుగొనలేదు. ఉన్న నీటిని లెక్క కట్టెను. ఆ లెక్కను ముందే మన్నించి యుండినచో, దున్నరాని నేల అంతగా దున్నబడి యుండెడిది కాదు. నేల శక్తికి మించి దానిని వాడిన జాతి ఆ ఋణమును ఏనాటికైనను తీర్పక తప్పదు.