లాస్లో పాప్: ఔత్సాహికుని పిడికిలి

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బాక్సింగుతో పనేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. విరాటుని కొలువులో వంటవాడైన వలలుడు రాజుగారి ముచ్చట కోసం మల్లునితో తలపడే ఘట్టం చెప్పినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది: బలం ఒకడిది, దానిమీద అధికారం మరొకడిదా? హంగేరీ బాక్సరు లాస్లో పాప్ చరిత్ర ఈ సందేహాన్ని మనవైపే తిప్పుతుంది.

‘ఔత్సాహికుడు’ అనే మాట వర్గభేదంతోనే పుట్టింది. 1879లో ఇంగ్లండులోని హెన్లీ పడవపందేల నిర్వాహకులు చేసిన నిబంధన ప్రకారం చేతిపనివాడు, కూలివాడు ఔత్సాహికుడు కానేరడు. తిండికి లోటులేని దొరబిడ్డల గౌరవమది. ఆ గౌరవాన్ని సోషలిస్టు దేశాలు శ్రామికుల బిడ్డలకు అందించాయి. ఇది చిన్న పని కాదు.

పాప్ 1926లో బుడాపెస్టులో పుట్టాడు. ఎడమచేతివాటం మనిషి. 1948లో లండన్, 1952లో హెల్సింకీ, 1956లో మెల్బోర్న్: మూడు ఒలింపిక్సులలో వరుసగా స్వర్ణపతకాలు. అంతకుముందు ఏ బాక్సరూ మూడు గెలవలేదు. మూడవది ఎటువంటి వేళ వచ్చిందో గమనించాలి. 1956 నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్టును ముట్టడించాయి. నెల తిరక్కముందే పాప్ ఫైనలులో అమెరికా బాక్సరు హోసే టోరెస్‌ను ఓడించాడు. హంగేరీ క్రీడాకారులు పలువురు స్వదేశం మొహం చూడకుండా పరదేశాలలో ఉండిపోయారు. పాప్ తిరిగి వెళ్ళాడు.

1957లో, ముప్పై దాటిన తరువాత, ప్రభుత్వం అనుమతించగా వృత్తి బాక్సరయ్యాడు. హంగేరీలో వృత్తి బాక్సింగ్ నిషిద్ధం కనుక సాధన వియన్నాలో. తరచు దెబ్బతినే చేతులతోనే 1962లో యూరప్ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయి, ఆరుసార్లు ఆ బిరుదు నిలుపుకున్నాడు. ఇక మిగిలింది ప్రపంచ బిరుదు. జోయీ జియార్డెల్లోతో పోటీ మాట నడుస్తుండగా, 1965లో ప్రభుత్వం అతనికి దేశం దాటే అనుమతి రద్దు చేసింది. డబ్బుకు పోరాడటం సోషలిస్టు ధర్మానికి విరుద్ధమట!

ఆ వాదంలో పసలేదనను. అమెరికాలో ఆ కాలపు బాక్సింగును ముఠానాయకులు శాసించారు. వారిలో ఫ్రాంకీ కార్బో 1961లో జైలుకు వెళ్ళాడు. కాని ఆ ధర్మం 1957 నుంచి ఎనిమిదేళ్ళు ఏమయింది? యూరప్ బిరుదుకు అడ్డురానిది ప్రపంచ బిరుదుకు ఎందుకు అడ్డువచ్చింది? పిడికిలిని అంగడిసరుకు చేయరాదన్నవారే దానిని ప్రభుత్వపు సొత్తుగా భావించారు. దొర పోయి గుమాస్తా వచ్చాడు. అనుమతిపత్రం మాత్రం పాప్ చేతికి రాలేదు.

ఆ 1965లోనే, మెల్బోర్న్‌లో అతని చేతిలో ఓడిన టోరెస్ ప్రపంచ లైట్‌హెవీవెయిట్ ఛాంపియనయ్యాడు. పాప్ వృత్తి బాక్సరుగా 29 పోటీలలో 27 గెలిచి, 2 సమం చేసి, ఒక్కటీ ఓడకుండా తప్పుకున్నాడు. 1971 నుంచి 1992 వరకు హంగేరీ జట్టుకు శిక్షణ ఇచ్చి, 2003లో మరణించాడు.