చోదకరహిత కార్లు: భద్రత, భవితవ్యం

కార్ల స్వయంచాలన స్థాయిని ఎస్.ఎ.ఇ. సంస్థ సున్నా నుండి 5 వరకు విభజించినది. 2వ స్థాయి వరకు బాధ్యత డ్రైవరుదే. వార్తలలో ఈ భేదం తరచు మరుగున పడుచున్నది.

భద్రతపై చర్చ తీవ్రమగుటకు కారణం 2018 మార్చి 18న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీ నగరంలో జరిగిన దుర్ఘటన. ఆ రాత్రి సైకిలును నడిపించుకొంటూ రోడ్డు దాటుచున్న మహిళను ఊబర్ సంస్థ పరీక్షించుచున్న కారు ఢీకొనగా ఆమె మరణించారు. 5.6 సెకన్ల ముందే యంత్రం ఆమె ఉనికిని పసిగట్టినప్పటికీ, ఒకసారి వాహనమని, మరొకసారి సైకిలని తడబడినట్లు అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2019లో నిర్ధారించినది. తయారీదారు అమర్చిన అత్యవసర బ్రేకు వ్యవస్థను పరీక్ష సందర్భంగా నిలిపివేశారు. పర్యవేక్షకురాలి దృష్టి సెల్‌ఫోన్‌పై ఉన్నది. దోషం కేవలం యంత్రానిదే అనుటకు వీలులేదు.

వేమో సంస్థ 2020లో ఫీనిక్స్ ప్రజలకు డ్రైవరు లేని టాక్సీలను అందుబాటులోకి తెచ్చినది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రమాదం అనంతరం 2023లో క్రూజ్ సంస్థ అనుమతులను కాలిఫోర్నియా నిలిపివేసినది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. ఎదురుదిశలో వచ్చే ద్విచక్ర వాహనాలు, రోడ్డుపై పశువులు ఇక్కడ నిత్యకృత్యం. ఫీనిక్స్‌లో శిక్షణ పొందిన యంత్రం ఈ రద్దీకి యథాతథంగా సరిపోదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదు ప్రాంగణంలో మానవరహిత వాహనాల పరీక్షకై ‘తిహాన్’ క్షేత్రం 2022 జులైలో ప్రారంభమైనది.