బడిలో బోధన సాధనాలు: చరిత్ర

పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు నోటిమాటకు తోడుగా వాడే వస్తువులు, యంత్రాలు, ప్రసారాలను బోధన సాధనాలు అంటారు. ఇసుక, పలక, నల్లబల్ల, పటాలు వీటిలో పాతవి. రేడియో, టీవీ, కంప్యూటరు, ఉపగ్రహ ప్రసారం, స్మార్ట్‌ఫోను, డిజిటల్ ప్యానెల్ తర్వాత వచ్చాయి. భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతంలో, ఈ సాధనాలు బడిలోకి వచ్చిన క్రమాన్నీ, ఉపాధ్యాయులు వాటిని వాడిన తీరునూ ఈ వ్యాసం వివరిస్తుంది. రెండు వందల ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో ఒక సంగతి పదేపదే రుజువైంది. ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ ఇచ్చి, సాధనాన్ని ఎప్పుడు ఎంతవరకు వాడాలో నిర్ణయించుకునే వీలు కల్పించిన చోట అది పాఠంలో భాగమైంది. ఆ రెండూ లేని చోట మూలపడింది.

ఇసుక, కడితం, పలక

పాత వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. 1823లో బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తన జిల్లాలోని 533 బడుల తీరును వర్ణించాడు. తెలుగు బడులు, కన్నడ బడులు రెండూ అందులో ఉన్నాయి. ఇసుక రాత వచ్చాక పిల్లలు తాటాకు మీద, కడితం మీద రాసేవారు. కడితం అంటే మసి, గంజి పట్టించి ఆరబెట్టిన గుడ్డ. దాని మీద బలపంతో రాసి, చెరిపి, మళ్లీ రాసుకోవచ్చు.

ఈ పద్ధతుల్లో ఒకటి సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో 1789 నుంచి బడి నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ ప్రవేశపెట్టాడు. ముందు నేర్చిన పిల్లలు వెనకవారికి చెప్పే ఏర్పాటును దీనికి జోడించాడు. 1797లో దీని గురించి లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండు బడుల్లో వ్యాపించింది.

ఆ తర్వాత రాతిపలక, నల్లబల్ల మన బడుల్లో స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం పలకరాతి గనులకు, పలకల తయారీకి దేశమంతటా పేరు తెచ్చుకుంది. నల్లబల్ల ఇంతకాలం నిలవడానికి కారణాలు స్పష్టం. తరగతి మొత్తం ఒకేసారి ఒకే విషయాన్ని చూస్తుంది. ఉపాధ్యాయులు పిల్లల ముఖాలు చూస్తూ వేగం తగ్గించవచ్చు, చెరపవచ్చు, మళ్లీ మొదటినుంచి చెప్పవచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు. తర్వాత వచ్చిన సాధనాల్లో చాలావాటికి మొదట్లో లేనిది ఈ వెసులుబాటే.

రేడియో పాఠాలు

ఆకాశవాణి 1930ల చివర్లోనే బడి పిల్లల కోసం ప్రసారాలు మొదలుపెట్టింది. తెలుగు నేలమీద అప్పటికే 1935 నుంచి నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో హైదరాబాదులో దక్కన్ రేడియో ఉంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది.

రేడియో పాఠం నడవాలంటే మూడు పనులు జరగాలి. ప్రసారానికి ముందు ఉపాధ్యాయులు విషయాన్ని పరిచయం చేయాలి. ప్రసారం సాగుతున్నప్పుడు పేర్లు, కొత్త మాటలు బల్ల మీద రాస్తుండాలి. ముగిశాక ప్రశ్నలు అడిగి, అర్థం కాని భాగాన్ని విడమర్చాలి. మంచి ఉచ్చారణ, నాటకీకరణ, పెద్దల గొంతులు మారుమూల బడికి చేరడం దీని వల్ల కలిగిన లాభం. అయితే ప్రసార వేళకు, బడి టైంటేబులుకు పొంతన కుదిరేది కాదు. ఒకసారి వినబడకపోతే మళ్లీ వినే దారి లేదు. సెట్టు పాడైతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండడు. అందువల్ల శ్రద్ధగల ఉపాధ్యాయులున్న బడుల్లోనే రేడియో పాఠం బతికింది.

ఢిల్లీ బడుల్లో టీవీ

భారతదేశంలో టీవీ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. రెండేళ్లకే అది తరగతి గదిలోకి వచ్చింది. 1961 అక్టోబరులో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఢిల్లీ ఉన్నత పాఠశాలలకు పాఠాల ప్రసారం ఆరంభమైంది. దీనికి కారణం సైన్సు చదువు. చాలా బడుల్లో ప్రయోగశాలలు లేవు, అర్హతగల సైన్సు ఉపాధ్యాయులు చాలరు. స్టూడియోలో చేసిన ప్రయోగాన్ని ఎన్నో తరగతులు ఒకేసారి చూడగలవన్నది ఆ ఆలోచన. తరగతిలోని ఉపాధ్యాయులు ముందు పిల్లలను సిద్ధం చేసి, తర్వాత చర్చ నడపాలి. అలా ఒకే పాఠాన్ని స్టూడియోలోని వారు, తరగతిలోని వారు పంచుకుని చెప్పారు.

సైట్ ప్రయోగం (1975–76)

బడి సాధనాల చరిత్రలో భారతదేశం ప్రపంచానికి చూపిన పెద్ద ఉదాహరణ ఉపగ్రహ బోధన టీవీ ప్రయోగం. సైట్ అన్న పొట్టి పేరుతోనే ఇది ప్రసిద్ధం. దీని వెనుక ఉన్న ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. పట్నాలన్నీ అయ్యాక చివరికి పల్లెలకు టీవీ అందించడం కాదు, పల్లెలతోనే మొదలుపెట్టాలని ఆయన వాదించాడు. 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి విభాగానికి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మధ్య ఒప్పందం కుదిరింది. 1971లో సారాభాయ్ మరణించాక అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం యశ్‌పాల్ నాయకత్వంలో ఈ పని పూర్తి చేసింది. అమెరికా 1974 మే 30న ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని 1975లో మన దేశానికి ప్రసారాలు అందేలా తూర్పు ఆఫ్రికా మీదికి జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సరిగ్గా ఏడాది పాటు ప్రసారాలు సాగాయి.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వంటి జిల్లాల పల్లెలు ఇందులో చేరాయి. ఉపగ్రహం శక్తిమంతమైనది కాబట్టి ఊళ్లో సుమారు 3 మీటర్ల వెడల్పున్న ఇనుప జాలీ యాంటెన్నా చాలింది. సెట్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. సెట్టు ఎక్కువగా బడిలోనో పంచాయతీ గదిలోనో ఉండేది. చాలా చోట్ల దాన్ని తెరిచి, నడిపి, మూసి భద్రపరిచే బాధ్యత బడి పంతులుదే.

రోజుకు నాలుగు గంటల ప్రసారంలో ఉదయం గంటన్నర 5 నుంచి 12 ఏళ్ల బడి పిల్లలది. అందులో తెలుగు, కన్నడం, ఒరియా, హిందీ భాషలకు తలా 22.5 నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం వంటి విషయాలతో పెద్దలకు కేటాయించారు. హైదరాబాదు, కటక్, ఢిల్లీ కేంద్రాల్లో కార్యక్రమాలు తయారయ్యేవి. పిల్లల సైన్సు కార్యక్రమాలు కొన్ని ఇస్రో స్వయంగా తీసింది. పాఠ్యపుస్తకంలోని పాఠాన్నే తెర మీద తిరిగి చెప్పడం వీటి ఉద్దేశం కాదు. చుట్టూ ఉన్న వస్తువులను గమనించడం, చేతులతో చేసి చూడడం, ప్రశ్న అడగడం అలవాటు చేయాలన్నది లక్ష్యం.

సైట్‌లో అన్నిటికంటే విలువైన భాగం ఉపాధ్యాయ శిక్షణ. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 12 రోజుల సైన్సు శిక్షణను రూపొందించింది. ఇందులో టీవీ పాఠం ఒక అంశం మాత్రమే. దానికి తోడు రేడియో కార్యక్రమాలు, అచ్చు పుస్తకాలు, చేతితో చేసే ప్రయోగాలు, పక్కనుండి నడిపించే శిక్షకుడు ఉన్నారు. 1975 అక్టోబరులో ఒకసారి, 1976లో మరోసారి కలిపి దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులు ఈ శిక్షణ పొందారు. శిక్షణ కళాశాలకు వెళ్లకుండానే ఇంతమంది శిక్షణ పొందగలిగారు.

ఫలితాలను కూడా నిజాయితీగా కొలిచారు. సర్వేలు చేశారు. కొన్ని ఊళ్లలో పరిశోధకులు నెలల తరబడి మకాం వేసి ప్రజల మధ్య జీవించి రాసుకున్నారు. ప్రసారాలు చూసిన పిల్లల్లో భాష మెరుగుపడింది, కొత్త విషయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. బడి పరీక్షల మార్కుల్లో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుల సైన్సు జ్ఞానం పెరిగింది. తెర ఆసక్తిని పుట్టించగలదు కానీ ఆ ఆసక్తిని చదువుగా మలచవలసింది తరగతిలోని మనిషేనన్న పాఠం ఈ లెక్కల నుంచి వచ్చింది.

ఒప్పందం ప్రకారం ఏడాది పూర్తికాగానే ఉపగ్రహం వెనక్కి వెళ్లింది. ప్రసారాలు అర్ధాంతరంగా ఆగకూడదని కొన్ని చోట్ల భూతల ప్రసార కేంద్రాలు నెలకొల్పారు. 1977 అక్టోబరు 23న మొదలైన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆ వరుసలోనిదే.

ఇన్సాట్ కాలం

1982లో ఇన్సాట్ ఉపగ్రహాలతో సొంత ప్రసార వ్యవస్థ ఆరంభమైంది. ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా, మహారాష్ట్ర, గుజరాత్, బీహార్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల ప్రాథమిక బడులకు ఆయా భాషల్లో కార్యక్రమాలు వెళ్లాయి. వాటి తయారీకి ఢిల్లీలో కేంద్ర విద్యా సాంకేతిక సంస్థ, హైదరాబాదుతో సహా ఆరు రాష్ట్రాల్లో రాష్ట్ర సంస్థలు ఏర్పడ్డాయి. కళాశాల విద్యార్థులకు 1984 ఆగస్టు 15 నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రసారాలు మొదలయ్యాయి.

ఇదే కాలంలో మరో దారి కూడా తెరుచుకుంది. 1986 జాతీయ విద్యావిధానం వెంట 1987లో వచ్చిన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, పటాలు, ఆటవస్తువులు ఉండాలని నిర్దేశించింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలుసుకుని, చింతగింజలు, పుల్లలు, అట్టముక్కలతో బోధన సామగ్రి తామే తయారుచేసుకునేవారు. ఖర్చు తక్కువైనా ఇది సొంత చేతులతో చేసుకున్న సామగ్రి. పాఠానికి తగినట్టు దాన్ని మార్చుకునే హక్కు వారికి ఉండేది.

కంప్యూటర్లు

1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద సుమారు 250 బడులకు బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. యంత్రాలు కొద్ది, పిల్లలు ఎక్కువ. మన పాఠాలకు, మన భాషలకు తగిన సాఫ్ట్‌వేర్ కొరత వెంటాడింది. 2004 డిసెంబరులో మొదలైన కేంద్ర పథకంతో ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు విస్తరించాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేల ఉన్నత పాఠశాలల ల్యాబులను ప్రైవేటు సంస్థలతో అయిదేళ్ల ఒప్పందం మీద నడిపారు. కంప్యూటరు చెప్పే బోధకులు ఆ సంస్థల మనుషులే. గణితం, సాంఘికం చెప్పే ఉపాధ్యాయులకు ల్యాబుతో పెద్దగా సంబంధం లేకపోయింది. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయారు. చాలా బడుల్లో గదికి తాళం పడింది. కంప్యూటరును విడి సబ్జెక్టుగా చూడడం వేరు, ప్రతి సబ్జెక్టుకూ పనికొచ్చే సాధనంగా చూడడం వేరు అన్న తేడా ఇక్కడ తేలింది.

ఎడ్యుశాట్, మన టీవీ, టీశాట్

కేవలం విద్య కోసమే భారతదేశం తయారుచేసిన తొలి ఉపగ్రహం ఎడ్యుశాట్. దీన్ని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌తో ప్రయోగించారు. బరువు సుమారు 1,950 కిలోలు. సైట్‌లో ఊరి బడి చూడడానికి, వినడానికే పరిమితం. ఎడ్యుశాట్ ద్వారా రెండువైపులా మాట్లాడే కేంద్రాల నుంచి విద్యార్థులు స్టూడియోలోని అధ్యాపకులను అప్పటికప్పుడు ప్రశ్న అడగగలిగారు.

ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ ఉపగ్రహ ప్రసారాలతో బడులకు, కళాశాలలకు పాఠాలు అందించింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఇది 2017లో టీశాట్‌గా మారి, ‘విద్య’, ‘నిపుణ’ అన్న రెండు చానళ్లుగా కొనసాగుతోంది.

క్యూఆర్ కోడ్, కోవిడ్

2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ‘దీక్ష’ వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో అచ్చువేసిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియో, అభ్యాసాలు తెరుచుకుంటాయి. ప్రసార వేళ కోసం ఎదురుచూసే అవసరం తీరింది. కావలసినప్పుడు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించే అధికారం ఉపాధ్యాయుల చేతికి వచ్చింది.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పాత సాధనాలే మళ్లీ ఆదుకున్నాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్ ఆ పని చేసింది. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలు, ఒకే ఫోనును అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకున్న ఇళ్లు, సిగ్నలు అందని గిరిజన గూడేలు ఎన్నో. ఉపాధ్యాయులు ఫోను చేసి పిల్లలు పాఠం చూశారో లేదో కనుక్కున్నారు. అభ్యాసపత్రాలు ఇచ్చి దిద్దారు. ప్రసారానికి, పిల్లలకు మధ్య ఆ పలకరింపే వంతెన అయింది.

నేటి తరగతి

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి తరగతి గదుల్లో గోడకు బిగించే పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ వీటిని అమర్చారు. ఈ ప్యానెల్ మీద వేలితో రాయవచ్చు, గుండె కొట్టుకునే తీరు కదిలే బొమ్మతో చూపవచ్చు, పటాన్ని పెద్దది చేసి మన ఊరి చెరువు దాకా వెళ్లవచ్చు.

రెండు శతాబ్దాల అనుభవం పాలకులకు ఇచ్చే సలహా ఒకటే. యంత్రం కొనడానికి పెట్టే శ్రద్ధ ఉపాధ్యాయ శిక్షణ మీద, మరమ్మతు మీద, తెలుగులో మంచి పాఠాల తయారీ మీద కూడా పెట్టాలి. ఏ పాఠానికి తెర కావాలో, దేనికి సుద్దముక్క చాలో నిర్ణయించే అధికారం తరగతిలో నిలబడి చెప్పేవారికే ఉండాలి.