శీలానికి మార్కులు

గత వేసవిలో న్యూజెర్సీ నుంచి మా అక్క ఫోన్ చేసింది. మేనకోడలు పదకొండో తరగతిలోకి అడుగుపెట్టబోతోంది. ఆ పిల్ల ఏడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. "దానిచేత వయొలిన్ మానిపించి పడవ పందేల్లో చేర్పించమంటున్నాడురా కన్సల్టెంటు. వయొలిను, స్పెల్లింగ్ బీ, లెక్కల పోటీలు... మనవాళ్ళ పిల్లలందరి దరఖాస్తుల్లోనూ ఇవేనట. చూసి చూసి కాలేజీలవాళ్ళకు మొహం మొత్తిందట. నువ్వు చరిత్ర చదివినవాడివి కదా, ఏమంటావ్?" అంది.

చరిత్రకూ పడవ పందేలకూ సంబంధమేమిటని అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. తరువాత చదువుతూ పోతే సంబంధం చాలానే ఉందని తెలిసింది. అక్కకు ఇచ్చిన జవాబునే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఈ వయసు పిల్లలున్న మిత్రులకు ఉపయోగపడవచ్చు.

కళాశాలలో చేర్చుకోవడానికి చదువుతోపాటు ఆటపాటలను, సంఘసేవను, నాయకత్వాన్ని కూడా తూచే పద్ధతి అమెరికాలో అనాదిగా ఉన్నది కాదు. 20వ శతాబ్దపు తొలినాళ్ళదాకా హార్వర్డ్ వంటి చోట్ల ప్రవేశమంటే ప్రధానంగా పరీక్షే. అందులో నెగ్గినవాడికి చోటు దొరికేది. ఖాళీ వేళల్లో ఏం చేస్తావని అడిగినవారు లేరు. అలాగని అది సమానావకాశాల కాలమూ కాదు. పరీక్షకు కావలసిన లాటిన్ వంటి విషయాలు బాగా నేర్పేవి ఖరీదైన ప్రైవేటు పాఠశాలలే కనుక, వచ్చేవారు చాలావరకు ఆ పాతిక ముప్పై కుటుంబాల బంధువర్గమే అన్నట్టుండేది. అది అలా సాగినంతకాలం పరీక్ష మీద పెద్దలకు ఫిర్యాదు లేదు.

1880ల నుంచి తూర్పు ఐరోపా యూదులు పెద్దసంఖ్యలో అమెరికాకు వలస వచ్చారు. బట్టలు కుట్టి, తోపుడుబళ్ళ మీద సరుకులమ్మి, పిల్లలను ప్రభుత్వ పాఠశాలల్లో చదివించారు. 1911లో హార్వర్డ్ ఆ పాఠశాలల పిల్లలకు అనువుగా పరీక్షా విధానాన్ని కొంత సడలించింది. ఆ పిల్లలు పరీక్షలు నెగ్గారు. 1922 నాటికి హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల సంఖ్య అయిదో వంతు దాటింది.

అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్. "బోస్టన్ బ్రాహ్మణులు" అని పేరుపడ్డ పాత కుటుంబాలవాడు. ఈ మాట నా కల్పన కాదు, అక్కడివారు తమకు తాము పెట్టుకున్న పేరే. వలసలను అరికట్టాలని పోరాడిన సంఘంలో ఆయన ఉపాధ్యక్షుడు కూడా. యూదులను 15 శాతానికి పరిమితం చేయాలని 1922లో ఆయన ప్రయత్నించాడు. వారు ఎక్కువైతే వారిమీద ద్వేషం పెరుగుతుంది కనుక ఇది వారి మేలుకోసమేనన్నది ఆయన వాదన. సంగతి బయటికి పొక్కి గొడవయింది. విచారణకు వేసిన సంఘం 1923లో అటువంటి పరిమితి కూడదని తేల్చింది.

అయితే లోవెల్ ఊరుకోలేదు. 1926లో కొత్త పద్ధతి వచ్చింది. మొదటి సంవత్సరంలో వెయ్యిమందికి మించి చేర్చుకోరు. పరీక్ష ఒక్కటే చాలదు, అభ్యర్థి "శీలం" చూస్తారు. అందుకోసం సిఫారసు లేఖలు, ముఖాముఖి, ఫోటో. అంతకుముందే, 1922 నుంచే, దరఖాస్తులో కొన్ని ప్రశ్నలు చేరాయి. మతమేమిటి, తల్లి పుట్టింటి పేరేమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, నీ పేరుగాని నీ తండ్రి పేరుగాని ఎప్పుడైనా మార్చుకున్నారా? శీలాన్ని కనిపెట్టడానికి తల్లి పుట్టింటి పేరెందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఆ శీలాన్ని కొలిచే గజంబద్ద ఎక్కడినుంచి వచ్చింది? ఇంగ్లండు బోర్డింగు పాఠశాలల నుంచి. మైదానంలోనే మగవాడు తయారవుతాడన్న నమ్మకం వారిది. 1902లో మరణించిన సెసిల్ రోడ్స్ తన వీలునామాలో ఆక్స్‌ఫర్డ్ ఉపకారవేతనాలు ఏర్పరుస్తూ, అవి ఒట్టి పుస్తకాల పురుగులకు పోరాదని, క్రికెట్, ఫుట్‌బాల్ వంటి ఆటల్లో ఆసక్తిని, నాయకత్వ లక్షణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని రాశాడు. మసాచుసెట్స్‌లో 1884లో వెలసిన గ్రోటన్ వంటి పాఠశాలలు ఆ నమూనాలోనే నడిచాయి. ఇక పడవ పందేలంటారా, అమెరికాలో రెండు కళాశాలల మధ్య జరిగిన మొట్టమొదటి క్రీడాపోటీ 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెమే. ఇంటినుంచి ట్రాములో వచ్చి, తరగతి ముగియగానే తండ్రి దుకాణానికి పోయే కుర్రవాడు జట్టు నాయకుడెలా అవుతాడు? 1933లో లోవెల్ పదవి విడిచేనాటికి యూదుల సంఖ్య ఆయన మొదట కోరిన 15 శాతం దరిదాపులకే దిగివచ్చింది. పరిమితి అన్న మాట ఏ నిబంధనలోనూ లేదు.

దీన్నిబట్టి పరీక్షలు నిర్మలమైనవని, వ్యాపకాలే కపటమని తీర్మానించకూడదు. ఎస్.ఎ.టి. పరీక్ష మొదటిసారి జరిగిందీ ఆ 1926లోనే. దాన్ని రూపొందించిన కార్ల్ బ్రిగమ్ అంతకు మూడేళ్ళ ముందు, ఉత్తర ఐరోపా జాతులవారికే తెలివి ఎక్కువని పుస్తకం రాసినవాడు. 1930లో తన నిర్ణయాలు తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. మన ఎంసెట్ సంగతి సరేసరి. ర్యాంకు ఒక్కటే దిక్కయిన చోట ఇంటర్ పిల్లలకు ఆటస్థలమన్నదే మిగలలేదు. అమెరికా వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది ఆ ర్యాంకు బుద్ధినే వెంట తీసుకెళ్ళి వయొలిన్‌కూ స్పెల్లింగ్ బీకీ తగిలించారు.

లోవెల్ కాలంలో మనవాళ్ళకు ఆ పోటీలో చోటే లేదు. భారతీయులు అమెరికా పౌరులు కాజాలరని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1965 నాటి వలస చట్టం తరువాతే మన వైద్యులు, ఇంజనీర్లు పెద్దయెత్తున వెళ్ళారు. ఆ పిల్లలు యూదు పిల్లల వలెనే పరీక్షలు నెగ్గారు. పైగా వ్యాపకాల విద్యను కూడా ఒడిసిపట్టారు. 2014లో హార్వర్డ్ మీద వేసిన దావా 2018లో విచారణకు వచ్చినప్పుడు బయటపడిన అంకెలు ఆసక్తికరమైనవి. చదువులోనూ, పాఠ్యేతర వ్యాపకాల్లోనూ ఆసియా సంతతి విద్యార్థుల సగటు తెల్లవారి కంటే మెరుగ్గా ఉంది. తగ్గిందల్లా "వ్యక్తిత్వం" అన్న పద్దులో. ఇది ఉద్దేశపూర్వకమైన వివక్ష కాదని 2019లో కింది కోర్టు, 2020లో అప్పీలు కోర్టు అన్నాయి. 2023లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడి, ప్రవేశాల్లో జాతిని లెక్కించడమే కూడదంది. న్యాయస్థానాల మాట ఎలా ఉన్నా, చరిత్ర చదివినవాడికి ఆ "వ్యక్తిత్వం" పక్కన 1926 నాటి "శీలం" కనబడక మానదు.

పడవల కథకు మరో ముక్క ఉంది. 2019 మార్చిలో అమెరికా ప్రభుత్వం యాభైమంది మీద కేసు పెట్టింది. విలియం సింగర్ అనే కన్సల్టెంటు, శిక్షకులకు లంచాలిచ్చి, ఎన్నడూ పడవ తెడ్డు పట్టని పిల్లలను పందెగాళ్ళుగా చూపించి, పేరున్న విశ్వవిద్యాలయాల్లో చేర్పించాడు. వ్యాయామ యంత్రం మీద కూర్చోబెట్టి తీసిన ఫోటోలే సాక్ష్యం. 2023లో అతడికి మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. శీలం చూడడానికి అడిగిన ఫోటో చివరికి అలా పరిణమించింది!

ఇదంతా విన్నాక అక్క, "అయితే ఏం చేయమంటావ్?" అంది.

కొలత ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. బయటివారు నేర్చుకున్న కొద్దీ అది మారుతూ వచ్చింది. దాని వెంట పరుగెత్తేవాడు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. ఇవాళ పడవ ఎక్కిస్తే రెండేళ్ళకు అదీ పాతబడుతుంది. పిల్లకు అటు పడవా రాదు, ఇటు ఏడేళ్ళ సంగీతమూ పోతుంది. అందుకని వయొలిన్ మానిపించవద్దన్నాను. దరఖాస్తుకు అందమని కాదు, ఆ పిల్లకు అది ఇష్టమని.

ఇంకొకటి అడిగాను. వందలాది కళాశాలలకు పనికొచ్చే ఉమ్మడి దరఖాస్తులో వ్యాపకాలకు పది గడులుంటాయి. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. వాటిలో ఏమేం నింపారు? అక్క చదివి వినిపించింది. పక్షవాతం వచ్చిన నానమ్మకు మూడేళ్ళుగా రోజూ సాయంత్రం అన్నం తినిపించేదీ, వ్యాయామం చేయించేదీ ఆ పిల్లే. అది జాబితాలో లేదు. "అది ఇంటిపని కదరా, వ్యాపకం ఎలా అవుతుంది?" అంది అక్క. కుటుంబ బాధ్యతలకు ఆ దరఖాస్తులోనే ఒక వర్గం ఉంది. ఇటువంటివాటిని లెక్కలోకి తీసుకోవాలని 2016లో హార్వర్డ్ విద్యాశాఖవారి నివేదికే కోరింది. మన అదృష్టం బాగుంటే ఎవరైనా దాన్ని శ్రద్ధగా చదువుతారు. చదవకపోతే నష్టం వారిది.

రాయాలా వద్దా అన్నది మేనకోడలినే తేల్చుకోమన్నాను. ఆమె రెండు రోజులు ఆలోచించి, నానమ్మను అడిగి చెబుతానంది.